రొయ్యల మీద సెస్సు, రకరకాల బోర్డులు: ఎవరి అజమాయిషీ ఎంతవరకు, ఎవరిని ఏం అడగాలి

ఆకివీడు వైపు నాలుగెకరాల వెనామీ రొయ్యల చెరువున్న రైతు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. పట్టుబడి రోజున కొనుగోలుదారు బిల్లులో మార్కెట్ సెస్సు కింద కొంత కోసుకున్నాడు. ఎగుమతి ప్లాంటువాళ్లు ఎంపెడా (కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) కార్డు అడుగుతున్నారు. అప్సడా (రాష్ట్ర ఆక్వా అభివృద్ధి సంస్థ) లైసెన్సు మరొకటి అంటున్నారు. రేటు పడిపోయినప్పుడు మాత్రం ఈ సంస్థల్లో ఏదీ పలకలేదు. వీటి మీద అజమాయిషీ ఎవరిది, డబ్బు ఎక్కడికి పోతోంది, ఎవరిని నిలదీయాలి?

వీటన్నిటికీ పైన కూర్చున్న పెద్ద ఒకరు లేరండి. అందరూ వీటిని బోర్డులనే పిలుస్తారు కానీ, ఒక్కోటి ఒక్కో చట్టం కింద పుట్టింది. కొన్నిటికి అసలు చట్టమే లేదు. దేన్నైనా పట్టుకునే ముందు నాలుగు సంగతులు కనుక్కోండి: ఏ చట్టం కింద ఏర్పడింది, సభ్యులను ఎవరు వేస్తారు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు. ఇవి తెలియకుండా అర్జీ పెడితే పుండొకచోట, మందొకచోట అవుతుంది.

బిల్లులో కోత సంగతి ముందు చూద్దాం. మార్కెట్ కమిటీలు 1966 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఉత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం కింద నడుస్తాయి. దానికి ముందు కోస్తా జిల్లాల్లో 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం ఉండేది. 1966 చట్టంలో 'పశుసంపద' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలతో పాటు కోళ్లు, చేపలు కూడా చేరాయి. ధాన్యం కోసం కట్టిన యార్డు మీ చెరువు సరుకు మీద ఫీజు ఎందుకడుగుతుందంటే కారణం ఇదే. జనం సెస్సు అంటారు గానీ చట్టంలో దాని పేరు మార్కెట్ ఫీజు. 12వ సెక్షన్ దాన్ని విధిస్తుంది. గరిష్ఠ పరిమితి నూటికి 2 రూపాయలు. ఆ లోపల ఏ సరుకుకు ఎంత అన్నది కమిటీ బైలాలో, అంటే దాని సొంత నియమావళిలో ఉంటుంది. సరుకును బట్టి మినహాయింపులు, తగ్గింపులు ప్రభుత్వం ఎప్పటికప్పుడు ఇస్తుంటుంది కాబట్టి పక్క ఊరివాడి మాట నమ్మకండి. మీ కమిటీ ఆఫీసులో రేటు రాసిన కాగితం చూసుకోండి.

అసలు విషయం దాని తర్వాత ఉంది. ఆ ఫీజు కట్టాల్సింది కొన్నవాడు, అమ్మినవాడు కాదు. నాలుగు టన్నులు కిలో 300 చొప్పున అమ్మితే సరుకు విలువ 12 లక్షలు. ఫీజు నూటికి రూపాయి అనుకుంటే 12 వేలు. ఆ 12 వేలు మీ బిల్లులో కోతగా కనిపిస్తే అది చట్టం చెప్పినదానికి ఎదురు. కొనుగోలుదారు దాన్ని తన ఖర్చుగా లెక్కేసుకుని రేటు చెప్పేటప్పుడే తగ్గించి చెప్పవచ్చు. దాన్ని ఏ చట్టమూ ఆపలేదు. కానీ రేటు ఒప్పుకున్నాక విడిగా 'సెస్సు' అని రాసి కోయడం వేరు సంగతి. అలా రాసిన బిల్లు మీ చేతిలో ఉంటే కమిటీ సెక్రటరీకి ఇచ్చే ఫిర్యాదుకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇదే సెక్షన్‌లో రైతులు ఎక్కువగా గమనించని మెలిక ఒకటుంది. కొన్నవాడెవరో తేలని సందర్భంలో ఫీజు అమ్మినవాడి మీద పడుతుంది. లైసెన్సు లేని దళారి రాత్రికి రాత్రి గట్టు మీదే కాటా వేసి, చీటీ ముక్క కూడా ఇవ్వకుండా నగదు చేతిలో పెట్టి వెళ్లిపోతే, కాగితం ప్రకారం కొన్నవాడు లేడు. రేపు లెక్క తేల్చాల్సి వస్తే మిగిలేది మీరే. అందుకే తక్‌పట్టీ (అమ్మకం చీటీ) గానీ బిల్లు గానీ అడగండి. అందులో కొనుగోలుదారు పేరు, లైసెన్సు నంబరు, తూకం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), రేటు, తేదీ ఉండాలి. 7వ సెక్షన్ ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతంలో లైసెన్సు లేకుండా ఇలాంటి సరుకు కొనుగోలు, అమ్మకం, నిల్వ వ్యాపారం చేయకూడదు. లైసెన్సుదారుల జాబితా కమిటీ దగ్గర ఉంటుంది. పట్టుబడికి వారం ముందే చూసుకోవచ్చు.

ఇక మీ ప్రశ్నలో పైకి చెప్పని కోపం ఒకటుంది: సరుకు యార్డు గుమ్మం కూడా తొక్కదు కదా, వాళ్లకు డబ్బెందుకు? న్యాయమైన ప్రశ్నే. ధాన్యం, రావులపాలెం అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరి లాంటివాటికి మార్కెట్ అనే చోటు ఒకటుంది. రొయ్య అలా కాదు. గట్టు మీద కాటా, ట్రేల్లో ఐసు, అక్కణ్ణుంచి నేరుగా ప్లాంటు. కమిటీ చేతికి దొరికేది చెక్‌పోస్టు దగ్గర లారీ, లేదా ప్లాంటు ఇచ్చే కొనుగోళ్ల లెక్క. ఇదే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ రాష్ట్రంలో ఫీజు అర్ధరూపాయి నుంచి రూపాయికి పెంచినప్పుడు వ్యాపారులు వేసిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో తీర్పు వచ్చింది. ఫీజుకు, అందే సేవకు మధ్య పైసాకు పైసా సరిపోలాలని లేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలని కోర్టు అంది. కాబట్టి 'నాకేం చేశారు' అన్న వాదనతో ఫీజు మానిపించడం అయ్యే పని కాదు. కానీ అదే తీర్పును తిప్పి పట్టుకోవచ్చు. స్థూలంగా సంబంధం ఉండాలి కదా, రొయ్య మీద ఇంత వసూలు చేశారు, రొయ్య రైతులకు ఏం ఖర్చు పెట్టారు అని లెక్క అడగవచ్చు. మానేయమని అడగడం కంటే ఎక్కడ పెట్టారని అడిగితే సమాధానం వచ్చే అవకాశం ఎక్కువ. చెరువుల దగ్గరికి లింకు రోడ్లు, తూకాల తనిఖీ, ఐసు నిల్వ, సరుకు దించే షెడ్లు లాంటివి మార్కెట్ నిధితో చేయదగిన పనులే.

డబ్బు నడక ఇలా ఉంటుంది. ఫీజు, లైసెన్సు రుసుములు, దుకాణాల గోడౌన్ల అద్దెలు మార్కెట్ కమిటీ నిధిలో పడతాయి. దేనికి ఖర్చు పెట్టవచ్చో 15వ సెక్షన్ చెబుతుంది: స్థలం, కట్టడాలు, యార్డు నిర్వహణ, సిబ్బంది జీతాలు పింఛన్లు, తూకం రాళ్లు, సమాచారం, రోడ్లు వగైరా. కమిటీలు తమ ఆదాయంలో ఒక భాగం రాష్ట్ర స్థాయిలో ఉండే కేంద్ర మార్కెట్ నిధికి కట్టాలి. ఇక్కడ 'కేంద్ర' అంటే ఢిల్లీ కాదు, మార్కెటింగ్ శాఖ డైరెక్టరు చేతిలో ఉండే ఉమ్మడి నిధి. ఆదాయం లేని యార్డులను నిలబెట్టడం దాని ఉద్దేశం. భీమవరం, కైకలూరు లాంటి ఆక్వా కమిటీల నుంచి బయటికి పోయేది, లోపలికి వచ్చేదాని కంటే ఎక్కువగా ఉండే స్వభావం ఈ ఏర్పాటులోనే ఉంది. తప్పు అనలేం. అయితే ఎంత పోయిందో తెలుసుకునే హక్కు మాత్రం అక్కడి రైతుకు ఉండాలి.

కమిటీ పాలన సంగతి చెప్పుకోవాలి. సభ్యుల్లో ఎక్కువమంది రైతులు, కొద్దిమంది వ్యాపారులు, సహకార సంఘం తరఫున ఒకరు, శాఖ అధికారి, స్థానిక సంస్థ పెద్ద ఉంటారు. చైర్మన్, వైస్ చైర్మన్ రైతుల కోటా నుంచే. నియమించేది ప్రభుత్వం. 2019లో తెచ్చిన చట్టంతో నామినేటెడ్ పదవుల్లో సగం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు, సగం మహిళలకు కేటాయించాలి. కాగితం మీద అంతా బాగానే ఉంది. నిజానికి బలహీనత ఎక్కడంటే, ఈ పదవి ఓట్లతో వచ్చేది కాదు. ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది, మారేదాకా కుర్చీ ఖాళీ. కమిటీ లేని కాలంలో పర్సన్ ఇన్‌ఛార్జ్ పేరుతో అధికారే నడుపుతాడు. ఆ నెలల్లో తీర్మానాలు చేసేదీ, అమలు చేసేదీ ఒకే చెయ్యి అవుతుంది. అడిగేవాడు లేని కాలం అదే. కాబట్టి మినిట్స్ (సమావేశాల రికార్డు) అడిగేటప్పుడు చైర్మన్ ఉన్న కాలానివే కాదు, ఇన్‌ఛార్జ్ పాలన నాటివి కూడా అడగండి.

రోజువారీ పెత్తనం మాత్రం సెక్రటరీది. ఆయన కమిటీకి నౌకరు, అదే సమయంలో మార్కెటింగ్ శాఖ ఉద్యోగి. బదిలీ, క్రమశిక్షణ శాఖ చేతిలో ఉంటాయి. అందుకే చైర్మన్‌తో గొడవ పడటం కన్నా సెక్రటరీకి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు జిల్లా మార్కెటింగ్ అసిస్టెంట్ డైరెక్టరుకు పంపితే ఫైలు కదులుతుంది. బడ్జెట్‌కు శాఖ ఆమోదం కావాలి. పెద్ద పనులకు పైనుంచి పాలనా అనుమతి కావాలి. ఏటా లెక్కలు చూసేది రాష్ట్ర ఆడిట్ శాఖ, 1989 నాటి స్టేట్ ఆడిట్ చట్టం కింద. పాతవాళ్లు ఇప్పటికీ లోకల్ ఫండ్ ఆడిట్ అంటారు.

ఆ ఆడిట్ నివేదికే మీకు అన్నిటికన్నా పదునైన కాగితం. అందులో పేరాలు ఉంటాయి, ఒక్కో పేరా ఒక్కో అభ్యంతరం. సాధారణంగా చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. వ్యాపారి ఇచ్చిన లెక్కకు, వసూలైన ఫీజుకు తేడా. చెక్‌పోస్టు రసీదు పుస్తకాల వరుస నంబర్లలో ఖాళీలు. టెండరు పరిమితి దాటకుండా ఒకే పనిని ముక్కలు చేసి ఇవ్వడం. అడ్వాన్సు ఇచ్చి సర్దుబాటు చేయకపోవడం. వడ్డీ పోల్చుకోకుండా ఒకే బ్యాంకులో డిపాజిట్లు. లైసెన్సు గడువు దాటినా వ్యాపారం సాగనివ్వడం. ఏ పేరాకు కమిటీ ఏం జవాబిచ్చింది, అది తీరిందా, 'పరిశీలనలో' అని ఏళ్లుగా మూలుగుతోందా అన్నది అసలు కథ చెబుతుంది.

ఫీజు కారిపోవడానికి సాంకేతికంగా ఇంకో కారణం ఉంది. తాజా చేపకు, ధాన్యానికి జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకుకు ఈ-వే బిల్లు (రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) అక్కర్లేదు. సిమెంటు లారీకైతే ఇంకో శాఖ దగ్గర కంప్యూటర్లో జాడ ఉంటుంది. ఐసులో పేర్చి అసోంకో హౌరాకో బయల్దేరే చేపల లారీకి అలాంటి జాడ లేదు. చెక్‌పోస్టు పుస్తకం తప్ప కమిటీకి సరిపోల్చుకునే రెండో లెక్క లేదు. ఎగుమతి రొయ్యకు మాత్రం ప్లాంటు కొనుగోళ్లు, ఎగుమతి కాగితాలు ఉంటాయి కాబట్టి సరిపోల్చడం సాధ్యం. ఆ పని కమిటీ చేస్తోందా లేదా అని అడగడం మంచి ప్రశ్న.

పొరుగు రాష్ట్రం నుంచి సరుకు తెచ్చేవాళ్లకు, ముఖ్యంగా కోనసీమ కొబ్బరి వ్యాపారులకు, ఒక తీర్పు పనికొస్తుంది. హైదరాబాదులోని షాలిమార్ కెమికల్ వర్క్స్ కేరళలో ఎండుకొబ్బరి కొని తెచ్చుకుంటే మార్కెట్ కమిటీ ఫీజు అడిగింది. 1997లో సుప్రీంకోర్టు, కొనుగోలు కమిటీ పరిధి బయట జరిగిందని తేలితే లోపలికి తెచ్చినంత మాత్రాన ఫీజు పడదంది. అందుకని కొన్న చోటి ఇన్వాయిస్, అక్కడ డబ్బు చెల్లించిన ఆధారం లారీ వెంటే ఉండాలి. అవి ఇంట్లో ఉండి లారీ చెక్‌పోస్టులో ఆగితే, తీర్పు మీ వైపున్నా ఐసు కరిగిపోతుంది, సరుకు పాడవుతుంది.

ఇప్పుడు కేంద్రం వైపు. ఎంపెడా అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ. 1972లో పార్లమెంటు చేసిన చట్టం దాని పునాది. ప్రధాన కార్యాలయం కొచ్చి. పైన ఉన్నది వాణిజ్య మంత్రిత్వ శాఖ. మత్స్యశాఖ కాదు. చైర్మన్‌ను కేంద్రం నియమిస్తుంది. సభ్యుల్లో ముగ్గురు ఎంపీలు, ఇద్దరు లోక్‌సభ నుంచి, ఒకరు రాజ్యసభ నుంచి. మిగతావారు మంత్రిత్వ శాఖలు, రాష్ట్రాలు, ప్లాంట్ల యజమానులు, బోట్ల యజమానులు, కార్మికులు, పరిశోధన సంస్థల తరఫున ఉంటారు. లెక్కలు కేంద్ర ఆడిట్ సంస్థ కాగ్ చూస్తుంది. వార్షిక నివేదిక పార్లమెంటు ఉభయ సభల ముందు పెట్టాలి. కాబట్టి ఎంపెడా మీద ఫిర్యాదును కలెక్టరేట్‌లో ఇస్తే అది తిరిగి తిరిగి ఎక్కడో ఆగుతుంది. నరసాపురం, ఏలూరు, అమలాపురం ఎంపీల ద్వారా లోక్‌సభలో లిఖితపూర్వక ప్రశ్న వేయిస్తే మంత్రి సంతకంతో సమాధానం వస్తుంది. అది రికార్డు.

ఎంపెడా చేయలేనిది ఏమిటో కూడా తెలియాలి. అది కిలో రొయ్య కొనదు, ధర కట్టదు, ప్లాంటుకు 'ఇంత ఇవ్వు' అని చెప్పే అధికారం లేదు. దాని పని ఎగుమతిదారుల, ప్లాంట్ల, బోట్ల నమోదు, మార్కెట్ వెతకడం, నాణ్యత. మిమ్మల్ని అడిగిన కార్డు చెరువు నమోదు కార్డు. యాంటీబయాటిక్ అవశేషాలు తేలితే ఆ సరుకు ఏ చెరువుదో వెనక్కి వెళ్లి పట్టుకోవడానికి అది. ఐరోపాకు పోయే సరుకుకు పట్టుబడికి ముందే నమూనా తీసి క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్‌ల అవశేషాల పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి ఈ నమోదు ఉండాలి. భీమవరంలో వాళ్ల పరీక్షశాల ఉంది. 2016లో ఐరోపా సమాఖ్య మన పెంపకపు రొయ్యల్లో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఆ తర్వాతే ప్లాంట్లు ఈ కాగితం విషయంలో గట్టిగా ఉంటున్నాయి. నమూనా తీసేటప్పుడు చెరువు నంబరు కార్డులో ఉన్నదే రాశారా చూసుకోండి. రెండు చెరువుల మధ్య నంబరు తారుమారైతే, శుభ్రంగా ఉన్న సరుకుకూ దెబ్బ తగులుతుంది. అది సరిదిద్దించేలోపు పట్టుబడి గడువు దాటిపోతుంది.

ఎగుమతి సరుకుకు ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చేది, ప్లాంటును ఆమోదించేది మళ్లీ వేరే సంస్థ, ఎగుమతి తనిఖీ మండలి. 1963 చట్టం కింద ఏర్పడింది, అదీ వాణిజ్య శాఖ కిందే. ప్లాంటు మీద అభ్యంతరం వస్తే అడగాల్సింది దాన్ని.

చెరువుకు అనుమతి ఎవరిస్తారన్నది ఇంకో ముడి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఒక కోర్టు కేసులోంచి పుట్టింది. జగన్నాథ్ కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పిచ్చింది. దాని మేరకు ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది. 2005లో చట్టం వచ్చింది, 2023లో సవరించారు. ఆ సవరణతో జైలు శిక్ష పోయి జరిమానాలు వచ్చాయి. సముద్రం, నదులు, ఏర్ల పోటు గీత నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఉప్పునీటి సాగు దీని కిందికి వస్తుంది. దరఖాస్తు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి. చెరువు విస్తీర్ణం రెండు హెక్టార్లు దాటితే పై స్థాయికి వెళ్తుంది. మీదైతే నాలుగెకరాలు, అంటే 1.6 హెక్టార్లు. ఉప్పుటేరు వెంట ఉన్న చెరువులకు ఆ రెండు కిలోమీటర్ల గీత ఎక్కడ పడుతుందన్నదే ప్రధానం. దాని అవతల పడితే రాష్ట్ర మత్స్యశాఖ, అప్సడా పరిధి. కొల్లేరు అభయారణ్యం లోపల, అంటే ప్లస్ 5 కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల పడితే ఏ నమోదూ రాదు. ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మి డబ్బివ్వకండి.

అప్సడా రాష్ట్ర సంస్థ, 2020లో అసెంబ్లీ చేసిన చట్టం కింద ఏర్పడింది. సీడు, మేత, ఐసు, ప్రాసెసింగు, కొనుగోలు ఇలా ఆక్వా వ్యాపారం మొత్తాన్ని లైసెన్సుల కిందికి తేవడం దాని ఉద్దేశం. అదే ఏడాది చేపల మేత నాణ్యత చట్టం కూడా వచ్చింది. ధర విషయంలో మీకు కొంతైనా దగ్గరగా ఉండేది ఇదే. ప్రభుత్వం ఎగుమతిదారులనూ రైతులనూ కూర్చోబెట్టి కౌంటు వారీగా రేట్లు ప్రకటించిన సందర్భాలు ఉన్నాయి. అయితే అవి మాట మీద నిలిచే ఒప్పందాలు. ప్రకటించిన రేటుకు కొనకపోతే లైసెన్సు మీద ఏ చర్య ఉంటుందో రాతపూర్వకంగా లేనంత వరకు, ప్లాంటు 'ఈ వారం ఆర్డర్లు లేవు' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇది స్పష్టంగా కనిపించింది. అడగాలంటే మంచి రేటు ప్రకటించమని కాదు, ప్రకటించిన రేటును లైసెన్సు షరతుల్లో చేర్చమని అడగాలి.

పొగాకుతో పోల్చి చూడండి. పొగాకు బోర్డు 1975 చట్టం కింద గుంటూరులో ఉంది. అది రైతును నమోదు చేస్తుంది, ఏటా ఎంత పండించాలో పరిమితి పెడుతుంది, బ్యారన్లకు (ఆకు ఆరబెట్టే కొలిమి గదులకు) లైసెన్సు ఇస్తుంది, దేవరపల్లి, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం వేలం కేంద్రాల్లో వేలం నడుపుతుంది. వేలంలో ధర పాటదారులు కట్టేదే, కానీ తూకం, గ్రేడు, చెల్లింపు బోర్డు కళ్ల ముందు జరుగుతాయి. రొయ్య రైతులు 'మాకూ అలాంటి బోర్డు కావాలి' అనేముందు దాని రెండో వైపు చూడాలి. పంట పరిమితి కూడా దానితో పాటే వస్తుంది. నమోదు లేకుండా, పరిమితి మించి పండిస్తే జరిమానా పడుతుంది. ఎన్ని ఎకరాల్లో పిల్ల వేయాలో బోర్డు చెబితే ఒప్పుకునే చెరువు యజమానులు ఎందరు?

కేంద్ర బోర్డు ఉన్న పంట మీద రాష్ట్ర మార్కెట్ కమిటీ ఫీజు వేయవచ్చా అన్న గొడవ కూడా పొగాకు మీదే తేలింది. ఐటీసీ కేసులో 2002 జనవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముగ్గురు, ఇద్దరుగా చీలి, రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని చెప్పింది. రాజ్యాంగంలో మార్కెట్లు, సంతలు, వ్యవసాయం, చేపల పెంపకం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విదేశీ వ్యాపారం కేంద్రానిది. రొయ్య చెరువులో ఉన్నంతసేపు రాష్ట్రం, కంటైనర్ ఎక్కాక కేంద్రం. ఇద్దరి కాగితాలూ మీ దగ్గర ఉండాల్సింది ఇందుకే.

కొబ్బరి బోర్డు సంగతి క్లుప్తంగా. 1979 చట్టం, కొచ్చిలో ప్రధాన కార్యాలయం, వేగివాడలో విత్తనోత్పత్తి క్షేత్రం. మొక్కలు, సబ్సిడీలు, శిక్షణ దాని పని. కొబ్బరికాయ కొనదు. ఎండుకొబ్బరి మద్దతు ధర కేంద్రం ప్రకటిస్తే, 2025 సీజనుకు మిల్లింగు రకం క్వింటాలు 11,582, గుండు రకం 12,100, కొనేది నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ లాంటి సంస్థలు. అంబాజీపేటలో ధర పడితే బోర్డు ఆఫీసు ముందు ధర్నా చేసి ఉపయోగం లేదు. కొనుగోలు కేంద్రం తెరవమని రాష్ట్రం ప్రతిపాదన పంపాలి, ఒత్తిడి అక్కడ పెట్టాలి. ధాన్యానిదీ ఇదే దారి. కొనేది పౌరసరఫరాల సంస్థ, జిల్లాలో చూసేది జాయింట్ కలెక్టర్. 2025-26కు క్వింటాలు మద్దతు ధర సాధారణ రకం 2,369, ఏ గ్రేడు 2,389, అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777, 1,792. తేమ 17 శాతం దాటకూడదు.

ఎన్‌ఎఫ్‌డీబీ, అంటే హైదరాబాదులోని జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు, 2006లో సొసైటీగా నమోదైంది. 2023 అక్టోబరులో నోటిఫై చేసిన పసుపు బోర్డూ చట్టంతో వచ్చింది కాదు. ఇలాంటివాటికి లైసెన్సులివ్వడం, జరిమానాలు వేయడం లాంటి అధికారాలు ఉండవు. పథకాల డబ్బు పంచుతాయి. 'బోర్డు ఎందుకు చర్య తీసుకోలేదు' అని వీటిని అడిగితే చర్య తీసుకునే అధికారమే లేదన్నది నిజమైన జవాబు.

కాగితం రాబట్టే పద్ధతి చెబుతాను. సమాచార హక్కు దరఖాస్తులో 'ఎందుకు' అని అడగకండి, 'నకలు ఇవ్వండి' అని అడగండి. ఆ చట్టం కింద రికార్డులో ఉన్నదే ఇస్తారు, వివరణ ఇవ్వరు. గత మూడేళ్ల ఆమోదించిన బడ్జెట్, వ్యాపారి వారీగా ఫీజు డిమాండు వసూలు బకాయిల పట్టిక, కేంద్ర మార్కెట్ నిధికి కట్టిన మొత్తాలు, పనుల రిజిస్టరు, బ్యాంకు వారీ డిపాజిట్లు, చివరి ఆడిట్ నివేదిక దానికి ఇచ్చిన జవాబులు, కమిటీ తీర్మానాలు. ఒకే దరఖాస్తులో ఇవన్నీ కుక్కితే 'విస్తారమైన సమాచారం' అని తోసేస్తారు. రెండు మూడుగా విడగొట్టండి. రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10. నకలు పేజీకి 2 రూపాయలు. పుస్తకాలు అక్కడే కూర్చుని చూస్తామంటే మొదటి గంట ఉచితం. చెక్‌పోస్టు రసీదు పుస్తకాలకు ఇదే మేలైన దారి, వందల పేజీల నకళ్లు ఎవరూ సరిగా తీసివ్వరు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రెండో అప్పీలు. మార్కెట్ కమిటీ, అప్సడా విషయమైతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు, ఎంపెడా, కొబ్బరి బోర్డు అయితే కేంద్ర సమాచార కమిషన్‌కు. ఈ రెండో మెట్టు దగ్గర తప్పు చిరునామాకు పంపి గడువు పోగొట్టుకున్న అర్జీలు చాలా ఉంటాయి.

తూకం, కౌంటు తేడాకు ఈ బోర్డులేవీ సరైన చోటు కాదు. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. గట్టు మీదికి వచ్చిన కాటాకు ముద్ర ఏ ఏడాదిదో మొదటి ట్రే ఎక్కకముందే చూడండి, ఫొటో తీసుకోండి. ట్రే బరువు మీ కళ్ల ముందు సున్నా చేయించండి. నీళ్లు కారడానికి ఎంత సేపు ఆపాలో, తరుగు ఎంతో ముందే మాట్లాడుకుని బిల్లు వెనక రాయించండి. కౌంటు నమూనా ఒకే మూల నుంచి కాకుండా వల పైన, మధ్య, అడుగు నుంచి తీయించి సగటు కట్టించండి. 50 కౌంటుకు, 52 కౌంటుకు మధ్య పోయే డబ్బు మీరు అడుగుతున్న సెస్సు కంటే ఎక్కువే ఉండవచ్చు.

మేత మీద అనుమానం ఉంటే విప్పని బస్తా ఒకటి పక్కన పెట్టి, లాట్ నంబరు, కొన్న బిల్లు జాగ్రత్త చేసి మత్స్యశాఖకు చెప్పండి. నమూనా అధికారి తీసి సీలు వేయాలి. మీరే తీసి పరీక్షకు పంపిన మేత చర్యకు ఆధారంగా నిలబడదు.

ఇంకో చిన్న సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కైకలూరు వైపు ఫైళ్లు కృష్ణా నుంచి ఏలూరుకు వచ్చాయి, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది. పాత లైసెన్సులు, పాత ఆడిట్ పేరాలు అడిగేటప్పుడు 'అప్పటి కృష్ణా జిల్లా కార్యాలయంలో ఉన్నవి సహా' అని ఒక వాక్యం చేర్చండి. లేకపోతే ఏలూరు వాళ్లు మచిలీపట్నం వైపు, మచిలీపట్నం వాళ్లు ఏలూరు వైపు చూపిస్తారు. దరఖాస్తును సరైన కార్యాలయానికి అయిదు రోజుల్లో బదిలీ చేయాల్సిన బాధ్యత మాత్రం అందుకున్న అధికారిదే. సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్‌లో 3వ ఉపసెక్షన్ అది. దరఖాస్తు చివర్లో ఆ సెక్షన్ నంబరు రాసి పంపండి.